పిత్తాశయమునకు మూడు దారులు

కాలేయము క్రింద, కుడివైపు ప్రక్కటెముకల చాటున, లేత వంకాయంత సంచి యొకటి ఒదిగియుండును. అదియే పిత్తాశయము. కాలేయము దినమునకు అరలీటరు మొదలుకొని లీటరు వరకు పిత్తరసమును స్రవింపజేయును. అందు కొంత ఈ సంచిలో చేరి, నీరు ఇంకి చిక్కబడి, నేయి నూనెలతో కూడిన భోజనము కడుపున పడినప్పుడు సన్నని నాళము గుండ ఆంత్రమూలములోనికి దిగును. ఒక్కసారి సంచిలో పట్టునది ముప్పది మొదలు ఏబది మిల్లీలీటర్లు మాత్రమే. గుఱ్ఱమునకు ఈ సంచి లేదు. ఏనుగునకును లేదు. అది లేకయే అవి తిని అరిగించుకొనుచున్నవి. మనుష్యునకు మాత్రము ఇది యున్నది; ఉన్నందువలన కొందరికి ప్రాణసంకటము కూడ కలుగుచున్నది.

ఆ సంకటము సాధారణముగా రాతితో ఆరంభమగును. పిత్తరసములోని కొలెస్టరాలు మున్నగు ద్రవ్యములు పేరుకొని గులకలుగా ఏర్పడును. అవి సంచి అడుగున కదలక యున్నంతకాలము మనిషికి వాటి ఉనికియే తెలియకపోవచ్చును. ఒకనాడు ఒక రాయి సంచి మెడలో చిక్కుకొనును. లోపలి రసము వెడలజాలక సంచి ఉబ్బును, గోడ వాచును, రక్తప్రసారము తగ్గును, సూక్ష్మజీవులు చేరి రసము చీముగా మారును. కుడి డొక్కలో నొప్పి, భుజమువరకు ప్రాకు పోటు, జ్వరము, వాంతులు కనిపించును. ఇదియే తీవ్ర పిత్తాశయ శోథ. నూటికి తొంబదిమందిలో దీనికి కారణము రాయియే. చికిత్స లేనిచో సంచి చివికి పగిలి ఉదరకుహరమంతయు విషపూరితము కావచ్చును. మన దేశమున ఈ రాళ్ళు దక్షిణాదివారికంటె గంగామైదానపు వారిలో హెచ్చుగా కానవచ్చుచున్నవి. ఉద్యోగరీత్యా ఉత్తరాదికి వచ్చిన తెలుగువారికి ఈ వ్యాధి పేరు ఇరుగుపొరుగు ఇండ్లలో వినబడుటకు ఇది యొక కారణమై యుండును.

మూతపడిన సంచిలో చీము చేరినప్పుడు చేయదగినవి రెండే. సంచికి దారి చేసి చీమును వెడలనిచ్చుట ఒకటి; సంచినే కోసి తీసివేయుట రెండవది. సుమారు రెండువందల ఎనుబది సంవత్సరములుగా వైద్యలోకము ఈ రెంటి నడుమ ఊగిసలాడుచున్నది. ముందు వచ్చినది మొదటిది. దానిని రెండవది ఓడించినది. ఓడిన పద్ధతి మరల నేడు, మరియొక వేషమున, ఎండోస్కోపు అను సన్నని గొట్టము పట్టుకొని తిరిగి వచ్చినది. ఈ తిరిగిరాక కథ విచిత్రమైనది.

జ్యాఁ లూయీ పెతీ పదునెనిమిదవ శతాబ్దపు ఫ్రెంచి శస్త్రవైద్యుడు. ఆయన కాలమున మత్తుమందు లేదు. సూక్ష్మజీవులను గురించిన జ్ఞానము లేదు. కుడి డొక్కలోని ఉబ్బును చూచి కాలేయపు కురుపని భ్రమించి వైద్యులు కత్తితో చీల్చుటయు, పిత్తరసము ఉదరకుహరములోనికి ఒలికి రోగి మరణించుటయు జరుగుచుండెను. 1743లో పారిస్ రాజకీయ శస్త్రవైద్య పరిషత్తు సంపుటములో ప్రకటించిన వ్యాసమున పెతీ ఒక సూక్ష్మమును పట్టి చూపెను. వాచిన పిత్తాశయము కొందరిలో ఉదరపు గోడకు అతుకుకొనిపోవును. అట్లు అతుకుకొన్న చోట పొడిచినచో రసము బయటికి వచ్చునే గాని లోపల ఒలకదు. అతుకుకొనని సంచిని పొడువరాదు.

వినుటకు చిన్నమాట. కాని తరువాత వచ్చిన ప్రతి పద్ధతియు ఈ ఒక్క ప్రశ్నకే సమాధానము వెదకినది: లోపల ఒలకకుండ సంచిని తెరచుట ఎట్లు?

పెతీ పిమ్మట నూరేండ్లకు పైగా ఈ విషయమున పెద్దగా జరిగినది లేదు. 1846లో బోస్టను నగరమున ఈథరు మత్తు బహిరంగముగా ప్రదర్శింపబడిన తరువాతనే కడుపు కోయుట ఆలోచనకు అందినది. 1867 జూన్ 15వ తేదీన అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరమున, ఒక మందుల దుకాణముపై గల గదిలో, జాన్ స్టౌ బాబ్స్ అను వైద్యుడు ముప్పదియేండ్ల స్త్రీకి శస్త్రచికిత్స చేసెను. అండాశయపు గడ్డయని ఆయన అనుమానము. తెరచి చూడగా ఉబ్బిన సంచి కనబడెను. దానిని కోయగా నీరును, వెంట రాళ్ళును వెలువడెను. రాళ్ళను తీసి, సంచిని కుట్టి, కడుపును మూసెను. లిస్టరు తన క్రిమినాశక పద్ధతిని లోకమునకు ప్రకటించినదియు ఆ సంవత్సరమే. ఆ వార్త ఇండియానాపొలిస్ దుకాణపు మేడకు అప్పటికి చేరియుండునా అనునది సందేహము. అయినను రోగి బ్రతికెను. బ్రతుకుటయే కాదు, తనకు చికిత్స చేసిన వైద్యుడు 1870లో మరణించిన పిమ్మట కూడ చిరకాలము జీవించెను.

బాబ్స్ చేసినది యాదృచ్ఛికము. తెలిసి చేసినవారు తరువాత వచ్చిరి. 1878లో మేరియన్ సిమ్స్ పారిస్ నగరమున ఒక రోగి పిత్తాశయమును తెరచి, దానిని ఉదరపు గోడకు కుట్టెను. ప్రకృతి చేయని అతుకును సూదితో తాను చేయుటయే ఆయన ఉద్దేశము. రోగి ఎనిమిదవనాడు మరణించెను. అదే సంవత్సరమున స్విట్జర్లాండులోని బెర్న్ నగరమున థియోడర్ కోహెర్ మరియొక ఉపాయము పన్నెను. మొదట కడుపును మాత్రము తెరచి, సంచి వరకు గాయములో గుడ్డను కూరి, అతుకు ఏర్పడువరకు కొన్ని దినములు వేచి, పిమ్మట సంచిని తెరచెను. ఆ రోగి కోలుకొనెను. కోహెర్ తరువాత 1909లో థైరాయిడ్ గ్రంథిపై చేసిన కృషికి నోబెల్ బహుమానము పొందినవాడు. తొందరపడని చేయి అని ఆయనకు పేరు. 1879లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాములో లాసన్ టెయిట్ ఈ చికిత్సను విజయవంతముగా చేసి, దానికి గట్టి ప్రచారకుడాయెను.

చీము పోయినది, రాళ్ళు పోయినవి, సరియే. సంచి మిగిలినది. మిగిలిన సంచిలో మరల రాళ్ళు చేరవా? ఈ ప్రశ్న వేసినవాడు బెర్లిన్ నగరమున లాజరస్ ఆసుపత్రి శస్త్రవైద్యుడు కార్ల్ లాంగెన్‌బుఖ్. సంచిలో రాళ్ళున్నవని కాదు, రాళ్ళను పుట్టించునదే సంచి గనుక దానిని తీసివేయవలెనని ఆయన వాదము. అది లేని జంతువులు బ్రతుకుచునే యున్నవి గదా అనుట ఆ వాదమునకు బలము. ఆయన మొదట శవములపై అభ్యసించెను. 1882 జూలై 15న, పదునారేండ్లుగా నొప్పితో కృశించిన నలువదిమూడేండ్ల పురుషునకు పిత్తాశయమును సమూలముగా తీసివేసెను. మరునాడు రోగికి జ్వరము లేదు, చుట్ట కాల్చుచుండెనట. వైద్యచరిత్రలో ఇంతటి నిశ్చింత చుట్ట మరియొకటి కానరాదు.

టెయిట్ మున్నగువారు లాంగెన్‌బుఖ్ పద్ధతిని కొంతకాలము తీవ్రముగా నిరసించిరి. కాని అనుభవము లాంగెన్‌బుఖ్ పక్షమున నిలిచెను. ఇరువదవ శతాబ్దమున పిత్తాశయ శోథకు చికిత్స యనగా సంచిని తీయుటయే అను స్థితి ఏర్పడెను. 1985 సెప్టెంబరు 12న జర్మనీలోని బోబ్లింగెన్ పట్టణమున ఎరిష్ మ్యూహె కడుపును పెద్దగా కోయక లాపరోస్కోపుతో ఆ పని చేసెను. మరుసటి ఏడు జర్మను శస్త్రవైద్యుల మహాసభలో చెప్పగా ఆదరము లభింపలేదు, పరిహాసము లభించినది. 1987లో ఫ్రాన్సులోని లియాన్ నగరమున ఫిలిప్ మూరె అదే చేసెను. ఫ్రెంచివారి ద్వారా ఆ పద్ధతి లోకమంతట వ్యాపించెను. 1990లో ముంబయిలో డాక్టర్ తెహెమ్‌టన్ ఉద్వాడియా దానిని మన దేశమునకు తెచ్చెను. అప్పటినుండి కడుపుపై నాలుగు చిన్నగాట్లు, రెండు మూడు దినముల ఆసుపత్రివాసము, ఇంతే. చికిత్స చేయించుకొని పదిదినములలో కచేరీకి పోవు ఉద్యోగులు నేడు ఎందరో.

ఇంతవరకు చెప్పినది కత్తి గెలిచిన కథ. కత్తికి నిలువలేని శరీరముల కథ వేరు.

ఎనుబదియైదేండ్ల వృద్ధుడు. గుండె బలహీనము. మెదడులో రక్తము గడ్డకట్టినందున రక్తమును పలుచజేయు మందు నిత్యము మ్రింగుచున్నాడు. మూత్రపిండములు సగమే పనిచేయుచున్నవి. అట్టివానికి సంచిలో చీము పట్టినది. మత్తు ఇచ్చినచో మేల్కొనునో లేదో మత్తువైద్యుడు చెప్పలేడు. సూక్ష్మజీవి సంహారక మందులు కొంత ఆపగలవు గాని మూతపడిన సంచిలోని చీమును వెడలింపలేవు. లేదా, కాలేయము గట్టిపడి కడుపులో నీరు చేరిన నడివయసు రోగి. కాలేయ మార్పిడికై ఎదురుచూచుచున్నాడు. గాటు పెట్టినచోట రక్తము నిలువదు. ఇట్టివారి విషయమున లాంగెన్‌బుఖ్ వాదము తర్కముగా సరియైనదే, ఆచరింపజాలనిది. మరల పెతీ వద్దకు, వెడలనిచ్చు పద్ధతి వద్దకు, వైద్యులు పోవలసివచ్చెను.

మొదటి దారి చర్మము గుండ. శబ్దతరంగములతో లోపలి అవయవములను చూపు అల్ట్రాసౌండు యంత్రము వచ్చినపిమ్మట, కంటితో చూడకయే సూదిని సంచివరకు నడుపుట సాధ్యమాయెను. 1980లో రాడర్ అను వైద్యుడు అట్లు చీముపట్టిన పిత్తాశయములో గొట్టము నుంచిన వృత్తాంతమును ప్రకటించెను. మచ్చమందు చాలును; పడక ప్రక్కనే చేయవచ్చును. సూదిని సాధారణముగా కాలేయము గుండ పోనిత్తురు. కాలేయము గొట్టమును చుట్టుకొని పట్టి యుంచును గనుక రసము ఒలుకు భయము తగ్గును. పెతీ కోరిన అతుకునకు ఇచట కాలేయమే సాక్షి. చీము దిగినంతనే జ్వరము తగ్గుట, నొప్పి తగ్గుట గంటలలోనే కనబడుచుండును. ఎందరి ప్రాణములనో ఈ గొట్టము నిలిపినది, నిలుపుచున్నది.

కాని గొట్టము బయట వ్రేలాడును. దాని చివర ఒక సంచి. పిత్తాశయమను సంచికి బదులు డొక్కప్రక్క మరియొక సంచి, అదియు అందరికి కనబడునట్లు. వారములు, కొందరికి నెలలు. నిద్రలో ఒత్తిగిల్లినచో నొప్పి. స్నానమునకు జంకు. వయసుచేత మతి తప్పిన వృద్ధులు దానిని పెరికివేయుటయు కలదు. గొట్టము జారినచో మరల ఆసుపత్రి. తీసివేసినచో రాళ్ళు లోపలనే యున్నవి గనుక మరల శోథ. ఈ కష్టములు ఎంతటివో తూచి చూపినది నెదర్లాండ్సు దేశమున పదునొకండు ఆసుపత్రులలో జరిగి 2018లో ప్రకటింపబడిన పరిశోధన. దానికి ‘చాక్లెట్’ అని ముద్దుపేరు పెట్టిరి. విషయము మాత్రము చేదు. శస్త్రచికిత్సకు ప్రమాదముగల 142 మంది రోగులను చీటివేసినట్లు రెండు వర్గములుగా విభజించి, ఒక వర్గమునకు లాపరోస్కోపుతో సంచిని తీసిరి. రెండవ వర్గమునకు చర్మము గుండ గొట్టము వేసిరి. పెద్ద ఉపద్రవములు మొదటి వర్గమున నూటికి 12, రెండవ వర్గమున నూటికి 65. అంతరము అంత స్పష్టముగా కనబడుటచే పరిశోధనను ముందుగనే ఆపివేసిరి. మరణములలో మాత్రము నిశ్చయమైన భేదము తేలలేదు.

దీనివలన తెలిసినది రెండు విధములు. ప్రమాదమని భయపడిన వారిలో అనేకులు నిజమునకు శస్త్రచికిత్సను సహింపగలరు. వారికి గొట్టము వేయుట మేలు చేసినట్లు కాదు. ఇక నిజముగా సహింపలేని వారు కొందరు ఎప్పుడును ఉందురు. వారికి ఇంతకంటె మంచి దారి కావలెను.

రెండవ దారి ప్రకృతి చేసినదే. పిత్తాశయము నుండి ఆంత్రమూలము వరకు నాళ మున్నది. ఆ నాళము ప్రేవులో తెరచుకొను చోట చిన్న చూచుకమువంటి ఉబ్బు కలదు. 1720లో దానిని వర్ణించిన జర్మను శరీరశాస్త్రజ్ఞుడు అబ్రహాం వాటర్ పేర అది ప్రసిద్ధము. దానిని మూసి తెరచు కండరపు కంకణమును 1887లో వర్ణించినవాడు ఇటలీ దేశపు విద్యార్థి రుజ్జేరో ఒడ్డి. నోటినుండి ఆ చూచుకము వరకు పోవుటకు వంగెడి కన్ను కావలెను. 1957లో అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయమున బాసిల్ హిర్షోవిట్జ్ గాజునారల గుండ వెలుగును వంచి నడిపించు ఎండోస్కోపును మొదట తానే మ్రింగి పరీక్షించుకొనెను. 1968లో వాషింగ్టన్ నగరమున విలియం మెక్‌క్యూన్ ఆయన సహచరులు ఆ చూచుకములోనికి సన్నని గొట్టమును పంపగలిగిరి. జపాను వైద్యులు పరికరమును మెరుగుపరచిరి. 1974 నాటికి జర్మనీలోని ఎర్లాంగెన్ నగరమున క్లాసెన్, డెమ్లింగులును, జపానులోని క్యోటో నగరమున కవాయియు ఆ కంకణమును విద్యుత్ తీగతో కోసి నాళములోని రాళ్ళను ప్రేవులోనికి దింపు విద్యను సాధించిరి. శస్త్రవైద్యుని గది దాటి పిత్తనాళము ఎండోస్కోపు వైద్యుని చేతికి వచ్చినది.

అటుపిమ్మట స్టెంటు. ఈ మాటకు గొట్టమను అర్థము మొదట లేదు. చార్లెస్ స్టెంట్ పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల దంతవైద్యుడు. పండ్ల అచ్చు తీయుటకు ఆయన తయారుచేసిన ముద్దకు ఆయన పేరు వచ్చెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున డచ్చి వైద్యుడొకడు చర్మపు అతుకులను కదలకుండ పట్టియుంచుటకు ఆ ముద్దను వాడెను. పట్టియుంచునది యను అర్థము అట్లు పుట్టి, కాలక్రమమున నాళములను తెరచియుంచు గొట్టములకు సంక్రమించినది. 1979 ప్రాంతమున హాంబర్గు నగరమున ఇండొనేషియాలో జన్మించిన నిబ్ సోహెంద్ర, పుండుచే మూసుకొనిన పిత్తనాళములో ఎండోస్కోపు ద్వారా ప్లాస్టిక్ స్టెంటును నిలిపెను. ఐదేండ్లకు, 1984లో, అమెరికా వైద్యుడు రిచర్డ్ కొజారెక్ ఒక అడుగు ముందుకు వేసెను. పెద్దనాళమునుండి ప్రక్కకు చీలి పిత్తాశయమునకు పోవు సన్నని కొమ్మలోనికి తీగను మళ్ళింపవచ్చునని ఆయన చూపెను.

ఆ కొమ్మలోనికి పోవుట వ్రాసినంత తేలిక కాదు. దాని లోపల మరచుట్టువంటి మడతలు కలవు. పదునెనిమిదవ శతాబ్దపు హైస్టర్ పేర అవి పిలువబడును. దానికి తోడు మెడలో రాయి అడ్డుపడియుండును. వైద్యుడు ఎక్స్‌రే తెరపై నీడను చూచుచు, సన్నని మెత్తని తీగను త్రిప్పుచు, నెట్టుచు, వెనుకకు తీయుచు, చుట్లను దాటించి సంచిలోనికి చేర్చును. సూదిలోనికి దారము ఎక్కించువారికి ఈ ఓర్పు కొంత అర్థమగును. ఇచట సూది బెజ్జము కనబడదు, కదలుచుండును. తీగ వెంట రెండుకొనలు పందితోకవలె చుట్టుకొనియుండు ప్లాస్టిక్ గొట్టమును నడిపింతురు. ఒక చుట్ట సంచిలో, రెండవ చుట్ట ప్రేవులో నిలుచును, జారిపోదు. సాధారణముగా ఆ గొట్టపు లావు ఏడు ఫ్రెంచి కొలతలు, అనగా మిల్లీమీటరులెక్కను రెండుంబావు పైచిలుకు. ఇంత సన్ననిది కొన్ని నెలలలో పూడిపోదా అని సందేహము కలుగును. పూడును. కాని పూడినపిమ్మట కూడ దాని ప్రక్కగా, వత్తి వెంబడి నూనె ప్రాకినట్లు, రసము దిగుచుండుట వైద్యులు గమనించిరి. కనుకనే మార్చకయే చిరకాలము ఉంచిన సందర్భములు ఎన్నో కలవు.

ఈ దారిలో శరీరమునకు క్రొత్త రంధ్రమే లేదు. ఒలుకుట యను ప్రశ్నయే పుట్టదు. రక్తము నిలువని వారికి, కడుపులో నీరుచేరిన వారికి ఇది వరమైనది. 1990లలో అమెరికాలో కాలేయ మార్పిడికై వేచియున్న రోగులలో ఈ స్టెంటును ఉంచి, మార్పిడి దినమువరకు వారిని నిలిపిరి. లోపములు లేకపోలేదు. నూటికి పదిమొదలు ఇరువదిమందిలో తీగ సంచివరకు పోనేపోదు. పొరుగున తెరచుకొను క్లోమనాళము రేగి, క్లోమశోథ కలుగవచ్చును. అది కొన్నిసార్లు తీవ్రమైనది. రాళ్ళు సంచిలోనే మిగిలిపోవును.

మూడవ దారి గోడ గుండ. పిత్తాశయము ఆంత్రమూలమునకు ఆనుకొని యుండును. నడుమ రెండు పలుచని గోడలే. ఆ రెంటిని కలిపి ద్వారము చేసినచో? ఈ ఆలోచన క్రొత్తది కాదు. 1880 ప్రాంతముననే బిల్రోట్ శిష్యుడు అలెగ్జాండర్ ఫాన్ వినివార్టర్, పిత్తనాళము మూసుకొనిన రోగికి పెక్కు శస్త్రచికిత్సల పిమ్మట పిత్తాశయమును పెద్దప్రేవుతో కలిపెను. 1892లో షికాగో శస్త్రవైద్యుడు జాన్ మర్ఫీ ఒక లోహపు బొత్తామును కల్పించెను. చొక్కాకు కుట్టు టిచ్చుబటను వంటిదే. ఒక ముక్క పిత్తాశయములో, ఒక ముక్క ఆంత్రమూలములో ఉంచి నొక్కినచో రెండును పట్టుకొనును. నడుమ నలిగిన గోడలు అంచుల వెంబడి అతుకుకొనును. పని తీరినపిమ్మట బొత్తాము ప్రేవులోనికి జారి బయటికి పోవును. కుట్టు లేదు, దారము లేదు. ఆ బొత్తాము కొంతకాలము మిక్కిలి ప్రసిద్ధి పొంది, పిదప చేతికుట్టు మెరుగుపడుటతో మరుగున పడెను. కుడి ప్రక్కటెముకల క్రింద నొక్కినప్పుడు రోగి ఊపిరి బిగబట్టుట పిత్తాశయ శోథకు గురుతని నేటికిని వైద్యవిద్యార్థులు నేర్చుకొను గురుతు కూడ ఆ మర్ఫీ పేరనే యున్నది.

నూరేండ్లు గడచెను. 1980 నాటికి ఎండోస్కోపు కొనకు అల్ట్రాసౌండు పరికరమును అమర్చుట మొదలాయెను. లోపలనుండి గోడ అవతల ఏమున్నదో కనబడెను. 1992లో డెన్మార్కు వైద్యులు అట్లు చూచుచు సూదిని పొడిచి పరీక్షకు ముక్కను తీయగలిగిరి. 2007లో కొరియాలోను, అమెరికాలోను ఆంత్రమూలమునుండి పిత్తాశయములోనికి సూదితో దారిచేసి చీమును దింపిన వృత్తాంతములు వెలువడెను. అమెరికా వైద్యులు టాడ్ బారన్, మార్క్ టోపేజియన్ అట్లు స్టెంటును నిలిపిరి. అప్పటికి దొరకు స్టెంటులు నిలువు గొట్టములు. రెండు గోడలను దగ్గరగా పట్టి యుంచజాలవు. నడుమ సందున పిత్తరసము ఒలుకవచ్చును. పెతీ హెచ్చరిక మరల ఎదురైనది.

దానికి సమాధానముగా కెనెత్ బిన్‌మోలర్ అను వైద్యుడు లోహపు తీగలతో అల్లిన, రెండువైపుల విప్పారి నడుము సన్నగిల్లిన స్టెంటును కల్పించెను. చూచుటకు అచ్చముగా ఢమరుకమే. ఒక ముఖము పిత్తాశయములో విచ్చుకొనును, రెండవది ఆంత్రమూలములోనో జీర్ణాశయములోనో విచ్చుకొనును. రెండు ముఖములు రెండు గోడలను దగ్గరకు లాగి పట్టియుంచును. 2012లో జపాను వైద్యుడు టకావో ఇతోయీ మున్నగువారు దీనిని రోగులలో వాడిన ఫలితములను ప్రకటించిరి. నడుము వెడల్పు సెంటీమీటరు, లేదా ఒకటిన్నర. చీమే కాదు, చిన్నరాళ్ళు కూడ తామై దొర్లివచ్చును. పెద్దవానిని తరువాత అదే ద్వారమున ఎండోస్కోపును సంచిలోనికి పంపి పగులగొట్టి తీయవచ్చును. మర్ఫీ బొత్తాము నూటయిరువదేండ్లకు నోటి దారిన వచ్చినదనిన తప్పులేదు.

ఈ ఢమరుకమునకును చర్మము గుండ వేయు గొట్టమునకును జరిగిన పోటీ ఫలితము 2020లో వెలువడినది. హాంకాంగు వైద్యుడు ఆంథొనీ టియో నాయకత్వమున, శస్త్రచికిత్సకు తగని రోగులను రెండు వర్గములుగా చేసిరి. ఒకవైపు 39 మంది, మరియొకవైపు 40 మంది. ఏడాదిలోపల ఉపద్రవములు స్టెంటు వర్గమున నూటికి 25.6, గొట్టపు వర్గమున నూటికి 77.5. మరల చికిత్స చేయవలసివచ్చినవారు స్టెంటు వర్గమున నూటికి ముగ్గురు లోపు. రెండవ వర్గమున నూటికి ముప్పదిమంది. మొదటి నెలలోని మరణములు మాత్రము రెండుచోట్ల ఇంచుమించు సమానమే. వ్యాధిగ్రస్తుడైన వృద్ధుని వయస్సును ఏ గొట్టమును తగ్గింపలేదు గదా.

ఎండోస్కోపు విద్యలో తెలుగుదేశపు పాలు చిన్నది కాదు. విశాఖపట్టణమున జన్మించి కర్నూలు వైద్యకళాశాలలో చదివిన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి హైదరాబాదున స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీకి పిత్తనాళములందును క్లోమమునందును చేయు ఎండోస్కోపు చికిత్సలను అభ్యసించుటకు స్వదేశ విదేశముల వైద్యులు వచ్చుచున్నారు. 2025లో ఆయనకు పద్మవిభూషణ పురస్కారము లభించినది. పరికరము దొరికినంతమాత్రమున ఈ చికిత్స దొరకినట్లు కాదు. లోహపు స్టెంటు వెల ప్లాస్టిక్ గొట్టపు వెలకు ఎన్నో రెట్లు; దానిని నడుపు చేయి వెల అంతకంటె ఎక్కువ. జిల్లా ఆసుపత్రిలో అల్ట్రాసౌండు యంత్రముతో డొక్కలోనికి గొట్టము వేయగల వైద్యుడు దొరకును. ఎండోస్కోపు కొనతో సంచిని గురిచూడగల వైద్యుని కొరకు మహానగరమునకు పోవలెను. చీము పట్టిన వృద్ధుడు అంతదూరము ప్రయాణము చేయగలడా అనునది ప్రతి కుటుంబమును వేధించు ప్రశ్న.

2018లో సవరింపబడిన టోక్యో మార్గదర్శక సూత్రములు ఈ కారణముననే చర్మము గుండ గొట్టము వేయుటను సాధారణ పద్ధతిగా నిలిపి, నిపుణులున్న పెద్ద ఆసుపత్రులలో మాత్రము ఎండోస్కోపు పద్ధతులను ఆలోచింపవచ్చుననినవి. వైద్యులలో ఇంకొక వివాదము కూడ కలదు. ఢమరుకపు స్టెంటుచే పిత్తాశయము ప్రేవునకు అతుకుకొనిపోవును. అదియే దాని గుణము. కాని ఆ రోగి తేరుకొని రేపు శస్త్రచికిత్సకు తగినవాడైనచో, ఆ అతుకే శస్త్రవైద్యునికి అడ్డుపడును. కనుక కోలుకొను ఆశ గలవారికి చూచుకపు దారిన పోవు సన్నగొట్టమును, ఆ ఆశ లేనివారికి ఢమరుకమును అను విభజన చేయుచున్నారు. ఏ రోగి ఏ కోవకు చెందునో జ్వరముతో ఒళ్ళు కాలుచున్న రాత్రివేళ నిర్ణయించుట మాత్రము పుస్తకమున వ్రాసినంత సుళువు కాదు.

స్టెంటును ఎన్నాళ్ళుంచవలెను అనుటలోను ఏకాభిప్రాయము లేదు. కొందరు నెలదినముల పిమ్మట లోహమును తీసి, తయారైన ద్వారమున సన్నని ప్లాస్టిక్ గొట్టములను విడుచుచున్నారు. లోహపు అంచు ఎదుటి గోడను ఒరసి రక్తము కారునేమోయని వారి భయము. మరికొందరు తొంబదియేండ్ల రోగిని మరల బల్లపై పరుండబెట్టి ఎండోస్కోపు మ్రింగించుటకంటె, ఉన్నదానిని అట్లే యుండనిచ్చి ఇంటికి పంపుచున్నారు.